కబురు చెప్పేవాడు

మా కోహీరు పేరు పత్రికలో పడేది చలికాలంలోనే. రాష్ట్రంలో బాగా చలి పడ్డ ఊళ్లంటూ వేస్తారే, ఆదిలాబాదు వైపు ఊళ్ల పక్కన అప్పుడప్పుడు మా ఊరూ ఉంటుంది. ఆ రోజు కాఫీ చల్లారకముందే ఫోను మోగేది. "ఏరా, ఉన్నావా, గడ్డ కట్టావా?" అని అవతలి గొంతు. వాడు కాలేజీలో నాతో చదివినవాడు. మా జట్టులో అందరికీ డెబ్బయి అయిదు దాటాయి. నాకూ దాటాయనుకోండి, ఆ సంగతి ఇప్పుడెందుకు?

మేము హైదరాబాదులో డిగ్రీ చదువుతూండగా 1969 వచ్చింది. తెలంగాణా ఉద్యమంలో కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. పెట్టె సర్దుకొని ఎవరి ఊరికి వాళ్లం బయలుదేరాము. జట్టులో వీడొక్కడే పట్నం వాడు. ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి తెచ్చి అందరి చిరునామాలూ వ్రాయించుకున్నాడు. తరగతులు ఎప్పుడు మొదలయ్యేదీ, పరీక్షలు ఎప్పుడు జరిగేదీ కనుక్కొని ఒక్కొక్కరికీ కార్డు వ్రాసేవాడు. కార్డన్నాక ఇంట్లో అందరూ చదువుతారు కదా! అందుకని సినిమా కబుర్లు మాత్రం ఉర్దూలో వ్రాసేవాడు. మా నాన్నగారి చదువంతా ఉర్దూలోనే సాగిందని పాపం వాడికి తెలియదు.

ఆ అలవాటు వాణ్ని వదలలేదు. ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఎవరింట పెళ్లి అయినా, ఎవరు పోయినా కబురు వాడి దగ్గరనుంచే రావాలి. కార్డు పోయి ఇన్‌లాండు కవరు వచ్చింది, అదీ పోయి ఫోను, ఆపైన వాట్సాప్. 2013 జూలైలో తంతి ఎత్తేస్తున్నారంటే, ఆ ముచ్చట కాస్తా తీర్చుకోవాలని తలా ఒక తంతి ఇచ్చాడు. నాది నింపాదిగా అయిదో రోజున అందింది. వాడు ఉన్నాడు గదా అని మేమంతా హాయిగా బద్ధకించాము. ఒకరి నంబరు ఒకరు వ్రాసి పెట్టుకున్న పాపాన పోలేదు.

రెండేళ్ల కిందట చలి పడింది, పత్రికలో ఊరి పేరూ పడింది. ఫోను మాత్రం రాలేదు. నేనే చేశాను. ఆపి ఉన్నదని చెప్పింది. మర్నాడూ అంతే. ఇంట్లో ఇంకెవరికైనా చేద్దామంటే ఎవరి నంబరు ఉంది నా దగ్గర? వాళ్లబ్బాయి ఏ దేశంలో ఉన్నదీ కూడా సరిగా చెప్పలేను. యాభై ఏళ్ల స్నేహం పది అంకెల మీద నిలబడి ఉన్నదన్నమాట. ఏటా తీసుకువెళ్లే జామకాయల బుట్ట కట్టించుకొని బస్సెక్కాను.

ముందుగదిలో గోడమీద వాడి ఫోటో, దానికి దండ. వాడు పోయి ఏడు వారాలయింది.

"ఎవరూ రాలేదన్నయ్యగారూ," అన్నది వాడి భార్య. "ఇన్నేళ్ల స్నేహాలూ ఇంతేనా అనుకున్నాను. అందరికీ కబురు చెప్పేది ఆయనే కదా. ఆయన ఫోను తెరవటం మాకెవరికీ చేతకాలేదు. ఎవరికని చెప్పను?"

ఏమని జవాబు చెప్పను? బుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకొనే నిలబడ్డాను. "కూర్చోండి" అని ఆవిడ లోపలికి వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చింది. బీరువా సర్దుతూంటే ముందురోజే దొరికిందట. ప్రతి పేజీలోనూ చిరునామా కొట్టివేత, కొత్తది వ్రాత, మళ్లీ కొట్టివేత. నా పేజీలో కొట్టివేతే లేదు. కోహీరు వదిలిపెడితే గదా!

ఇప్పుడా పుస్తకం నా దగ్గరుంది. ఒక్కొక్కరినే పట్టుకొని, సొంత నంబరుతో బాటు భార్యదో, కొడుకుదో, కోడలిదో ఇంకొకటి అడుగుతున్నాను. "నా చావు కబురుకు ఇప్పటినుంచే ఏర్పాట్లా?" అన్నాడొక మిత్రుడు. "అవును," అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత కూతురి నంబరు ఇచ్చాడు.

మా ఆవిడ ఇదంతా చూసి తనూ మొదలుపెట్టింది. ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారె, ఊరు మారె, ఏ పేరని వెదకడం? హాస్టలు గదిలో నలుగురుండేవారట. ఒకావిడ బీదరులో ఉన్నదని తేలింది. ఇక్కణ్ణుంచి అదెంత దూరమండీ? ఇన్నేళ్లూ మేము అదే దారిని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లి వస్తూనే ఉన్నాము. ఇద్దరూ ఫోనులో గంటన్నర మాట్లాడుకున్నారు. ఆ పూట నాకు చల్లారిన చారే గతి.

కోహీరు జామ అంటే ఒకప్పుడు పట్నంలో బండ్ల మీద ఏ జామకాయనైనా ఆ పేరు చెప్పే అమ్మేవారు. ఇప్పుడా తోటలు మునుపటంత లేవు. అయినా ఎర్రనేలలో పండిన కాయ రుచి వేరు. మొన్న బుట్ట కట్టించేముందు చెల్లెమ్మకు ఫోను చేసి, ఎలాంటివి తేను అని అడిగాను.

"దోరవి తెండి. పండ్లు ఆయనకిష్టం. నాకెప్పుడూ దోరవే ఇష్టం అన్నయ్యగారూ," అన్నది.

యాభై ఏళ్లుగా పండ్లే మోసుకువెళుతున్నాను.