తప్పు చెప్పాలె, గాయం ముట్టొద్దు



పోయిన యాసంగిల కాకతీయ కాలువకు వారబందీ నడుస్తుండె. నా వంతు నాడు రాత్రి పక్క పొలం తమ్ముడు నీళ్లు తన మడికి మలుపుకున్నడు. నా వరి ఎండుముఖం పట్టింది. పొద్దుగాల తూము కాడ పదిమందిల నోరు జారిన: "బ్యాంకుల అప్పు కట్టరాదు గని, నీళ్ల దొంగతనం మాత్రం వస్తదా?"

నీళ్ల సంగతి నిజమే. అప్పు సంగతి నాకెందుకు? తమ్ముడు ఏమనలే, పార భుజాన ఏసుకొని పోయిండు. రెండు రోజులు అన్నం ముట్టలేదని వాళ్లింటామె మా ఇంటామెతోని చెప్పింది.

నా గుండెల దడ పుట్టింది. పత్తి దెబ్బతిని, బోర్లు ఎండి, మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఎంతమంది రైతులు ప్రాణం తీసుకున్నరో మీకు తెల్వంది కాదు. అప్పు ఒక్కటే చంపదు, నలుగురిల పోయిన ఇజ్జత్ సుత చంపుతది. ఆఖరి మాట నాదే అయితే?

యాకోబు పత్రిక 3వ అధ్యాయంల ఇదే ఉన్నది. దేవుణ్ని పొగిడే నోటితోనే మనిషిని శపించుడు ఏం న్యాయమని అడుగుతడు. నాలుకను నిప్పుతోని పోలుస్తడు. వరి కొయ్యలు కాలబెట్టినోళ్లకు ఇది మస్తుగ ఎరుక. అగ్గిపుల్ల మనది, గాలి మనది కాదు.

కొందరంటరు, "మెత్తగ మాట్లాడితే నెత్తికెక్కుతరు, తప్పు చేసినా ఊకోవాల్నా?" అని. యేసు ప్రభువు ఊకోమనలే. తప్పు చేసినోని దగ్గరికి ముందుగాల నువ్వే పోయి, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పుమన్నడు. మత్తయి 18వ అధ్యాయం చూడుండ్రి. అంటే పెద్దమనుషుల పంచాయితీ కంటే ముందు, వాట్సాప్ గ్రూపు కంటే ముందు. "తమ్మీ, నా వంతు నీళ్లు మలుపుకున్నవు, నా మడి ఎండింది" అంటే అయిపోవు. తప్పు చెప్పాలె, గాయం ముట్టొద్దు. నాకు తెలిసిన దయ ఇదే.

మూడోనాడు వాళ్లింటికి పోయిన. "అప్పు మాట అనకుండా ఉండాల్సింది తమ్మీ, నాది తప్పయింది" అన్న. చాయ్ పోయించిండు. నీళ్ల లెక్క సుత ఆడనే తెగింది. గని పదిమందిల అన్న మాటకు ఇంట్ల మాఫీ అడిగితే సరిపోదు. అందుకే మళ్ల తూము కాడ ఆ పదిమంది ముందటనే చెప్పిన. తమ్ముణ్ని అడిగే ఇది రాస్తున్న.

గెట్టు కాడనో తూము కాడనో మీకు కోపమొస్తది, రాకుండ ఉండదు. నోరు తెరిచే ముందు ఒక్కటి చూసుకోండ్రి. మనం మాట్లాడేది నీళ్ల గురించా, మనిషి బతుకు గురించా?