పెట్టుబడి పెట్టేవారిలో మనమెక్కడ?

విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాల మాట వచ్చినప్పుడు దళిత, బహుజన విద్యార్థుల నోట గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ అన్న పేర్లే ఎక్కువగా వింటాను. వెంచర్ క్యాపిటల్ ఊసే రాదు. వారికి తెలివి లేక కాదు, ఆ వృత్తిలో ఉన్న మనిషి తమ బంధువర్గంలో ఒక్కరూ లేక. ఏ ఆలోచనకు డబ్బు అందాలో, ఏది మొలకలోనే ఎండిపోవాలో తేల్చే వృత్తి ఇది. అందులో మనం లేకపోవడం ఉద్యోగాల లెక్క మాత్రమే కాదు, అధికారం లెక్క.

సంపన్నుల నుంచి, సంస్థల నుంచి సమీకరించిన సొమ్ముతో కొత్త కంపెనీల్లో వాటాలు కొనడం ఈ ఫండ్ల పని. అది అప్పు కాదు కనుక తాకట్టు అడగరు. ఆస్తి లేని కులాలకు ఇది వరం కావలసింది. కానీ ఆచరణలో తాకట్టు స్థానాన్ని పరిచయం ఆక్రమించింది. ఇంకా లాభాల చరిత్ర లేని కంపెనీలో మనిషిని చూసి డబ్బు పెట్టాలి. ఆ నమ్మకం చదివిన కాలేజీని బట్టి, మాట్లాడే ఇంగ్లిషును బట్టి, వెంట తీసుకొచ్చినవారిని బట్టి పుడుతుంది. దేశంలోని వెయ్యి అగ్రశ్రేణి కంపెనీల బోర్డు సభ్యుల్లో సుమారు 93 శాతం అగ్రకులాలవారేనని 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చిన అధ్యయనం తేల్చింది. పెట్టుబడి ఆ వలయం దాటి తనంతట తాను బయటికి రాదు.

కనుక సిద్ధపడాలి. మొదట లెక్కలు. ఏ శాఖలో చదువుతున్నా బ్యాలెన్స్ షీటు, నగదు రాకపోకల పట్టిక చదవడం నేర్చుకోవాలి. షేర్ మార్కెట్‌కు వచ్చే కంపెనీలు దాఖలు చేసే ముసాయిదా ప్రాస్పెక్టస్‌లు సెబీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2021లో మార్కెట్‌కు వచ్చిన జొమాటో పత్రం ఒక్కటి ఓపికగా చదివితే నష్టాల్లో ఉన్న కంపెనీలో ఎవరికెంత వాటా ఉందో, డబ్బు ఎటు ఖర్చయిందో బోధపడుతుంది. ఇలాంటి ఫండ్లకు వర్తించే 2012 నాటి సెబీ నిబంధనలనూ చదవాలి.

రెండోది రాత. నెలకొక కంపెనీని ఎంచుకుని రెండు పేజీలు రాయండి: అది ఎవరి సమస్య తీరుస్తోంది, డబ్బు ఎవరు చెల్లిస్తారు, ఒక్కో అమ్మకంపై ఎంత మిగులుతుంది, దేనివల్ల మునగవచ్చు? ఏడాదికి పన్నెండు నివేదికలు మీ చేతిలో ఉంటాయి. సిఫారసు లేనివారికి అవే సిఫారసు.

మూడోది, ఒక రంగంపై పట్టు. పోచంపల్లి మగ్గం, గుంటూరు మిర్చి యార్డు, భీమవరం చేపల చెరువు: వీటిలో అప్పు ఎక్కడ పుడుతుందో, దళారి ఎక్కడ మిగుల్చుకుంటాడో ఆ కుటుంబాల పిల్లలకు తెలిసినంతగా పుస్తకాలు చదివినవారికి తెలియదు. ఆ ఎరుకను అంకెల్లో చెప్పడం నేర్చుకుంటే అదే మీ మూలధనం. రూపాయి సమస్యపై 1923లోనే గ్రంథం వెలువరించిన అంబేడ్కర్ వారసులకు డబ్బు శాస్త్రం పరాయిది కాదు.

తొలి ఉద్యోగమే ఫండ్‌లో దొరకడం అరుదు. స్టార్టప్‌లు, టీ-హబ్ వంటి ఇంక్యుబేటర్లు, బ్యాంకుల రుణ పరిశీలన విభాగాలు అటు నడిపించే దారులు. షెడ్యూల్డ్ కులాల వ్యాపారుల కోసం 2015లో కేంద్రం ప్రారంభించిన వెంచర్ క్యాపిటల్ ఫండ్ ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి.

అయితే భారమంతా విద్యార్థి భుజాన వేసి ఊరుకోలేం. జీతం లేని ఇంటర్న్‌షిప్ కోసం ముంబయిలోనో బెంగళూరులోనో అద్దె కట్టుకుని ఉండగలిగేది ఎవరి పిల్లలు? ఇది ప్రైవేటు వ్యవహారమన్న వాదనా నిలవదు. స్టార్టప్‌ల కోసం 2016లో కేంద్రం ఆమోదించిన పదివేల కోట్ల రూపాయల నిధి సిడ్బీ ద్వారా ప్రైవేటు ఫండ్లకే వెళుతోంది. అది ప్రజల సొమ్ము. దాన్ని స్వీకరించే ప్రతి ఫండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు ఇవ్వాలి. తన పెట్టుబడి నిర్ణయాలు తీసుకునేవారి సామాజిక కూర్పును ఏటా ప్రకటించాలి. రిజర్వేషన్ల చర్చను ప్రభుత్వ కొలువుల దగ్గరే ఆపిన విద్యార్థి సంఘాలు, పార్టీలు ఈ రెండు డిమాండ్లనూ తమ ఎజెండాలో చేర్చుకోవాలి.