నా మొదటి పిక్ బిల్ రస్సెల్‌కే

మొన్న ఆదివారం హాస్టల్‌లో ఎనిమిది మందిమి కూర్చుని ఎన్‌బీఏ ఆల్‌టైమ్ డ్రాఫ్ట్ ఆడాం. చీటీలేసి వరుస పెట్టుకున్నాం. ఒకరు తీసుకున్న ప్లేయర్‌ని ఇంకొకరు తీసుకోకూడదు. నాకు ఒకటో నంబర్ వచ్చింది. జోర్డాన్ అంటాననుకున్నారు. బిల్ రస్సెల్ అన్నా. అందరూ నవ్వారు. "మ్యాచ్‌కి 15 పాయింట్లోడు ఎందుకురా? చాంబర్లేన్ 1962లో ఒక్క మ్యాచ్‌లోనే 100 కొట్టాడు" అన్నారు.

నిజమే. కానీ రస్సెల్ బోస్టన్ సెల్టిక్స్‌కి 13 సీజన్లు ఆడి 11 టైటిళ్లు గెలిచాడు. చాంబర్లేన్‌కి వచ్చినవి రెండే. రస్సెల్ అసలు పని ఎదుటివాళ్ల షాట్లు ఆపడం. ఆ బ్లాకుల్ని ఎన్‌బీఏ లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74 సీజన్‌లో. ఆయన 1969లోనే ఆట మానేశాడు. అందుకే రికార్డుల్లో ఆయన బ్లాకుల గడి ఖాళీగా ఉంటుంది.

మా అమ్మ ఏళ్లుగా పోడులో చేసిన పని కూడా ఏ కాగితంలోనూ లేదు. రాయనంత మాత్రాన చేయనట్టు కాదు కదా!

టీమ్ కట్టేటప్పుడు అంకెలు చూడండి. ఆ అంకెలు ఎప్పటినుంచి రాస్తున్నారో కూడా చూడండి. ఐదుగురూ బాల్ అడిగేవాళ్లే అయితే, ఆపేదెవరు?

మీ మొదటి పిక్ ఎవరు? ఎందుకో కూడా రాయండి.