గోడ దాటే వైఫై

పరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాము చేయనిదే ప్రవేశించరాదని నూర్ సూరా 27వ ఆయత్ బోధిస్తుంది. పిల్లలకు ఏళ్ళ తరబడి దీన్ని చెబుతూనే, రూటర్ కొన్నప్పుడు మేము దూరం ఒక్కటే చూశాము. సిగ్నల్ మేడగదికీ అందింది, వీధి అరుగుకూ అందింది. మా ఫోను నంబరే పాస్‌వర్డు! అరుగు మీది కుర్రవాళ్ళు ఏమి చూసినా అది మా కనెక్షన్ పేరిటే నమోదవుతుందని ఆలస్యంగా గ్రహించాము.

2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం పోతాయి. 5 గిగాహెర్ట్జ్‌వి వేగమైనవే గాని గోడల వద్ద బలహీనపడతాయి. రెండూ ఉండి, డబ్ల్యూపీఏ3 రక్షణ గల రూటర్‌నే ఎంచుకోవాలి. ఇంటి నడుమ, ఎత్తున అమర్చాలి. అతిథులకు వేరు నెట్‌వర్క్ ఉండాలి.

ఇప్పుడు పొరుగింటి అబ్బాయి పరీక్షల వేళ తలుపు తట్టి, సలాము చేసి అడుగుతాడు. అతిథుల పాస్‌వర్డు ఇస్తాము.