పీజీ సంగతి తర్వాత, ముందు కేజీ ఏది?

మూడేళ్ల బిడ్డను ఏ నర్సరీలో వెయ్యాలి? ఎండలు ముదిరి మామిడి కోతకొచ్చిందంటే తిరువూరులో ఇంటింటా ఇదే పంచాయితీ. ఏ బడికి ఏసీ ఉంది, ఏ బడి వ్యాను వీధి చివరిదాకా వస్తుంది, ఎవరి పిల్లవాడు ముందుగా ఏబీసీడీలు అప్పజెప్పాడు, లెక్కలన్నీ ఇవే. గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు దారుల్లో పొద్దున్నే పసుపు వ్యాన్లు పల్లెల్ని ఊడ్చుకుపోతాయి. లోపల నిద్ర కళ్ల చంటివాళ్లు, మెడలో టై. ఆ టై ఎందుకో కట్టినవాళ్లకూ తెలియదు, కట్టించుకున్నవాళ్లకూ తెలియదు. లండన్ వంతెన కూలిందని గొంతెత్తి పాడే ఆ పిల్లవాడికి కట్టలేరు ఎటు పారుతుందో ఎవరూ చెప్పరు.

దీన్ని మనం ఎంపిక అనుకుంటున్నాం. కాదు. సర్కారు చేతులు దులుపుకున్న చోట అంగడి వెలిసింది. మనం వెళ్లి క్యూలో నిలబడ్డాం. అంతే.

ఎలా దులుపుకుందో వినండి. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు పదేళ్లలోగా ప్రయత్నించాలని 1950 నాటి రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. అందులో పాలు తాగే బిడ్డ కూడా ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నడిచిన కేసే, పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది. పాలకులకు దడ పుట్టింది. 2002లో 86వ సవరణ తెచ్చి, పిల్లలకు హక్కు ఇచ్చామని చప్పట్లు కొట్టించుకున్నారు. ఇచ్చింది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. ఆరేళ్ల లోపు వాళ్లను మళ్లీ పాత 'ప్రయత్నం' కిందకే తోసేశారు. కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో గుంజుకోవడమంటే ఇదే.

2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ చదవండి. మూడేళ్లు దాటిన పిల్లల ఉచిత పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని ఉంది. చేయాలి అని లేదు. ఆ 'వచ్చు' అన్న రెండక్షరాల సందులోంచే ఇన్ని బోర్డులు మొలిచాయి. నర్సరీకి ఇంటర్వ్యూలు, పరీక్షలు వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. చేర్చుకునేటప్పుడు పిల్లవాడిని గానీ తల్లిదండ్రులను గానీ వడపోస్తే 25 వేల రూపాయల దాకా జరిమానా అని ఇదే చట్టం 13వ సెక్షన్ అంటుంది. తీరా 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఏం చెప్పింది? ఈ చట్టం ఆరేళ్లు నిండినవాళ్లది, కాబట్టి 25 శాతం కోటా సీట్లు తప్ప ప్రైవేటు నర్సరీ ప్రవేశాలకు వర్తించదని చెప్పింది. చట్టాన్ని సవరించాలని కూడా అంది. విన్నవాళ్లెవరు?

తిరువూరు దాటితే పెనుబల్లి, సత్తుపల్లి. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. అవతల 'కేజీ టు పీజీ ఉచిత విద్య' అని ఎన్నికల వాగ్దానం చేశారు. ఎంత మంది తల్లులు ఆ మాట నమ్మారు! గురుకులాలు పెట్టారు, మంచిదే, కాదనం. అవి ఐదో తరగతి నుంచి మొదలు. మరి ఆ కేజీ ఎటు పోయింది? ఇవతల మాత్రం ఏం వెలగబెట్టారు? 25 శాతం ఉచిత సీట్లు నర్సరీ ఉన్న బడిలో నర్సరీ నుంచే ఇవ్వాలని చట్టం చెబుతుంటే, 2023-24 ప్రవేశాలు ఒకటో తరగతికి మాత్రమే పిలిచారు. అప్పటికే మూడేళ్ల ఫీజు కట్టలేని కూలి బిడ్డ వెనకబడిపోయి ఉంటుంది.

ఉన్న ఒక్క ఆధారం అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం. ఆటపాటల చదువు అందులో మొదటి నుంచీ ఉంది. కానీ ఆ టీచరును ఏం చేశారు? గుడ్లు లెక్కపెట్టాలి, బరువులు తూయాలి, ఫోన్లో యాప్ నింపాలి, ఓటర్ల జాబితా పట్టుకు తిరగాలి. ఇక పిల్లలతో కూర్చునేదెప్పుడు? ఆమెకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట. కేంద్రం వాటా 2018లో పెంచితే 4,500 రూపాయలయింది. 2023 సెప్టెంబర్‌లో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. డిసెంబర్ 12న ఆంధ్రలో దిగారు, 42 రోజులు రోడ్డు మీదే. నెలకు 11,500 తీసుకునే ఆడబిడ్డల మీద ఎస్మా ప్రయోగించారు. సరిహద్దుకు రెండు వైపులా ఒకటే కథ.

ఇక మనలో మాట. సంఘం మీటింగులో ప్రభుత్వ విద్యను కాపాడాలని తీర్మానం చేసి, సాయంత్రం నర్సరీ ఫీజు రెండో వాయిదా కట్టి వచ్చే ఉద్యోగ మిత్రులారా, మిమ్మల్ని ఎవరు నమ్మాలి? సర్కారు జీతగాళ్ల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌ను ఆదేశించింది. అది అమలు కాలేదు. మనకు కోర్టు చెప్పాలా?

బిడ్డ భవిష్యత్తుతో ప్రయోగాలా అంటారు. మూడేళ్ల వేళ్లకు పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకం నింపించడమే ప్రయోగం. ఆ వేళ్లకు మట్టి కావాలి, గింజలు కావాలి, గుజ్జనగూళ్లు కావాలి. బోర్డుల మీద మాంటిస్సోరి పేరు రాసుకుంటారు. ఆ తల్లి తన మొదటి బాలల ఇల్లు 1907లో రోమ్‌లోని పేదల వాడలో, పనికెళ్లే వాళ్ల పిల్లల కోసం తెరిచింది. ఆ పేరుకు ఇక్కడ ఫీజు రశీదు అంటించారు. ఎ.కొండూరు తండాల్లో బిడ్డ ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఆ బిడ్డను ముందు తన మాటలో పలకరించే మనిషి కావాలి. ఇంగ్లీషుకు మేం అడ్డం కాదు. పునాది లేని చోట మేడ కడతామంటేనే అడ్డం పడతాం.

అందుకే ఈ జూన్‌లో వ్యాను ఎక్కించే ముందు మీ వాడ అంగన్‌వాడీకి వెళ్లండి. గది ఎలా ఉంది, ఆట వస్తువులున్నాయా, టీచరుకు యాప్ పని పోగా పిల్లలకు ఎన్ని గంటలు మిగులుతున్నాయి, చూసి రాసుకోండి. నలుగురు కలిసి ఆ కాగితం పట్టుకుని వెళ్లండి. ఇవతలి వాళ్లు విజయవాడ ఎంపీని, అవతలి వాళ్లు ఖమ్మం ఎంపీని నిలదీయండి: 11వ సెక్షన్‌లో 'చేయవచ్చు' కొట్టేసి 'చేయాలి' అని రాయిస్తారా, లేదా?