బండి వాటం

మన పాఠకులలో పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు తక్కువేమీ కావు. ఆ పిల్లలలో కొందరికి ఇప్పుడొక ముచ్చట పట్టుకున్నది. పడక, వంటపొయ్యి, స్నానాలగది అన్నీ అమర్చిన చక్రాల యింటిని కొని, పికప్పు ట్రక్కు వెనుక తగిలించుకొని, సెలవులకు ఊళ్లు తిరుగుతున్నారు. దానిని అక్కడ ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. కిందటేడు డాలస్‌లో మా అమ్మాయి యింటికి వెళ్లినప్పుడు మేమూ ఆ భాగ్యం అనుభవించి వచ్చాము. ఈ నెల ఆ సంగతే.

బయలుదేరినది పాలో డూరో లోయకు. టెక్సాసు ఉత్తరాన, అమరిల్లో పట్టణం దగ్గర ఉన్నది. దారి పొడవునా బయలు నేల. గాలికి అడ్డమన్నది లేదు. సామానుతో ట్రెయిలర్ 3,000 కిలోలు. తగిలించగానే ట్రక్కు వెనుక చతికిలబడి, ముందు మోర ఎత్తింది. అంతకుముందొకసారి అట్లాగే పోతే, ఎదురు వచ్చేవారు కళ్లలో దీపాలు పడుతున్నాయని విసుక్కున్నారట. అందుకని మా అల్లుడు వెనుక ఇరుసు మీద గాలి సంచులు వేయించాడు. వాటిలో గాలి నింపేసరికి ట్రక్కు బల్లపరుపుగా నిలబడింది. "చూశారా మామగారూ!" అన్నాడు. మేమూ మెచ్చుకున్నాము.

నలభై మైళ్లు పోయినామో లేదో, పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. ట్రెయిలర్ తోక ఆడించింది. దానితోబాటు ట్రక్కూ ఊగింది. తరువాత లారీ వచ్చినప్పుడల్లా అదే తంతు. "స్టీరింగు తేలిపోతున్నది" అని అల్లుడు అమ్మాయితో మెల్లగా అనడం మా చెవిన పడింది. మనమడు మా యింటావిడ భుజం మీద తలవాల్చి నిద్రపోతున్నాడు.

అల్లుడి బండిని గురించి మామ నోరెత్తడం మర్యాద కాదు. కాని ఆ క్షణాన మాకు మా నాయన గుర్తుకు వచ్చారు. హోసూరు సంతకు రాగిమూటలు వేసినప్పుడు ఆయన కాడి కింద చేయి పెట్టి ఎత్తి చూచేవారు. వెనుక బరువైతే కాడి లేచి పలుపులు ఎద్దుల గొంతు పట్టేస్తాయి; ముందు బరువైతే మెడలు పుండ్లు పడతాయి. చూచి, ఒక మూటను జానెడు ముందుకో వెనక్కో జరిపేవారు. బండి చూపుకు చదునుగా ఉన్నదా లేదా అన్నది ఆయనకు పట్టేదే కాదు.

"బాబూ, ముందు చక్రాల మీద బరువెంత ఉన్నదో తెలుసునా?" అన్నాము. తెలియదన్నాడు. దారిలో లారీలు ఆగేచోట కాటా ఉన్నది. అక్కడికి మెల్లగా తోలాడు. పౌండ్లను కిలోలుగా మార్చి చెబుతున్నాము. ట్రెయిలర్ లేకుండా ముందు ఇరుసు మీద 1,450, వెనుక 1,250. తగిలించి, గాలి సంచులు నింపి తూచినప్పుడు ముందు 1,300, వెనుక 1,760!

ఇందులో మాయ లేదు, తక్కెడ లెక్కే. ట్రెయిలర్ మూతి ట్రక్కు కొక్కెం మీద 360 కిలోలు నొక్కుతున్నది. ఆ కొక్కెం వెనుక ఇరుసుకు 5 అడుగులు వెనుక. రెండు ఇరుసులకు నడుమ 12 అడుగులు. కాబట్టి ముందు నుండి 150 కిలోలు లేచిపోయి, వెనుక 510 పడింది. గాలి సంచి వెనుక భాగాన్ని పైకెత్తుతుంది గాని, లేచిపోయిన ఆ 150 కిలోలను ముందుకు తీసుకురాలేదు. ట్రక్కు తిరిగేదీ, ఆగడంలో పెద్దపాలు మోసేదీ ముందు చక్రాలే గదా!

మూతి బరువు తగ్గిద్దామని సామాను ట్రెయిలర్ వెనక్కి నెట్టేవారున్నారు. అంతకంటె ప్రమాదం లేదు. మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లు మూతి మీద ఉండవలసిందే. తగ్గితే తోక ఆడించడం మరీ ఎక్కువవుతుంది.

ముందుకు బరువు తెచ్చే సాధనం వేరే ఉన్నది. కొక్కెం నుండి ట్రెయిలర్ చట్రం కిందుగా రెండు బలమైన ఉక్కు కడ్డీలు పోతాయి. వాటిని పైకి వంచి గొలుసులతో బిగిస్తే, బరువు కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రెయిలర్ ఇరుసులకూ పంచబడుతుంది. తమాషా యేమంటే, ఆ కడ్డీలు ట్రెయిలర్‌తోబాటే వచ్చినవి. సంచులున్నవి గదా అని మా అల్లుడు వాటిని అరలోనే ఉంచేశాడు.

సంచులలో గాలి కనీసానికి దించి కడ్డీలు బిగించాము. ముందు చక్రం పైని రేకు అంచు నేలకు ఎంత ఎత్తున ఉన్నదో టేపుతో చూచాము. ట్రెయిలర్ లేనప్పుడు 38 అంగుళాలు, తగిలించినప్పుడు 39న్నర, బిగించిన తరువాత 38న్నర. మళ్లీ కాటాకు పోతే ముందు 1,400 చూపింది. వెనుక 165 తగ్గింది. ట్రెయిలర్ ఇరుసుల మీద 65 పెరిగింది. ఎంతవరకు బిగించాలో ట్రక్కు పుస్తకంలో ఉంటుంది. అతిగా బిగిస్తే వెనుక చక్రాలకు పట్టు తప్పుతుంది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాము. అమ్మాయి ట్రక్కు తలుపు తీసి, చట్రం మీద అతికించిన చీటీ చదివింది: మనుషులూ సామానూ కలిపి 700 కిలోలకు మించరాదు. మా అయిదుగురమూ చేతిసంచులతో 350, తొట్టిలో సామాను 100, కొక్కెపు సరంజామా 40, మూతి బరువు 360. మొత్తం 850. కడ్డీలు 65 పంచుకున్నా ఇంకా 85 ఎక్కువే. తొట్టిలోని సామానును ట్రెయిలర్‌లో సరిగా ఇరుసుల మీదుగా సర్దాము. దానికి బదులు, ఇరుసుల పైనే ఉన్న నీళ్లతొట్టెలోని 150 లీటర్లూ వదిలేశాము. నీళ్లు దిగినచోట దొరుకుతాయి. మా యింటావిడ ఊరగాయ జాడీలు మాత్రం దింపనివ్వలేదు.

మళ్లీ రోడ్డెక్కేసరికి రెండు గంటలు ఆలస్యం. మొదటి లారీ దాటినప్పుడు అందరమూ ఊపిరి బిగపట్టాము. ట్రక్కు కొంచెం పక్కకు లాగి, వెంటనే సర్దుకున్నది. అల్లుడు ఒక చెయ్యి తీసి కాఫీ లోటా కోసం చాచాడు. మరునాటి నుండి బయలుదేరేముందు టేపు పట్టి అంగుళాలు అరిచి చెప్పే పని మనమడిదే.