లాజిక్ సరే... ఇన్‌పుట్ సంగతేంటి?

కోడింగ్ రౌండ్‌లో ప్రశ్న చూడగానే చాలామంది నేరుగా లాజిక్ మీద పడతారు. సార్టింగా, సెర్చింగా, ఎన్ని లూప్‌లు కావాలి... ఆలోచనంతా అక్కడే. డేటా తీసుకోవడం గురించి అడిగితే ‘అదేముంది, ఒక్క లైనేగా’ అంటారు. తీరా ఆ ఒక్క లైన్ దగ్గరే ప్రోగ్రామ్ బోర్లా పడుతుంది. లాజిక్ కరెక్టే, జవాబు మాత్రం తప్పు!

నా అభిప్రాయం సూటిగా చెబుతా. ప్రోగ్రామింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, ప్లేస్‌మెంట్ల కోసం పునాదులు సరిచూసుకుంటున్నవాళ్లు ఒక వారం అచ్చంగా డేటా తీసుకోవడం మీదే కూర్చోవాలి. అందుకు పాత బేసిక్ భాషను మించిన పలక లేదు. ‘అది మా నాన్నల కాలం నాటిది కదా’ అంటారా? నిజమే. రెజ్యూమెలో దాన్ని రాసుకోమని చెప్పడం లేదు. ఆ పలక మీద దిద్దుకోమంటున్నా, అంతే.

డేటా ఇచ్చేదెవరు?

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్‌ను తయారుచేశారు. సైన్స్, మ్యాథ్స్ చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. విశేషమేమిటంటే ఆ తొలి బేసిక్‌లో ‘ఇన్‌పుట్’ అనే స్టేట్‌మెంటే లేదు. విలువలన్నీ ప్రోగ్రామ్‌లోనే ‘డేటా’ లైన్లలో రాయాలి, వాటిని ‘రీడ్’ చదువుకుంటుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆగి మనిషిని అడగడం 1966లో వచ్చింది. తర్వాత వచ్చిన బేసిక్‌లలో ఫైల్ నుంచి చదవడమూ చేరింది.

అంటే డేటా మూడు దార్లలో వస్తుంది. మనిషి టైప్ చేస్తాడు, ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది, లేదా ఫైల్‌లో ఉంటుంది. ఏ భాషలోనైనా కోడ్ మొదలుపెట్టే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నాకు డేటా ఇస్తున్నదెవరు? మూడింటికీ జాగ్రత్తలు వేరు.

మనిషి ఇస్తే...

జీడబ్ల్యూ బేసిక్‌లో ‘ఇన్‌పుట్ "మార్కులు"; ఎమ్’ అని రాశారనుకోండి. స్క్రీన్ మీద ‘మార్కులు?’ అని వచ్చి ప్రోగ్రామ్ ఆగుతుంది. 78 కొడితే ముందుకెళ్తుంది. అక్షరాలు కొడితే ‘రీడూ ఫ్రమ్ స్టార్ట్’ అంటుంది, అంటే మళ్లీ మొదట్నుంచి ఇవ్వమని. బాగానే ఉంది. మరి 780 కొడితే? కిక్కురుమనకుండా తీసుకుంటుంది. అంకె అవునా కాదా అన్నదే అది చూస్తుంది. వందకు మించకూడదన్న సంగతి దానికెలా తెలుస్తుంది? ఆ తనిఖీ మనం రాయాల్సిందే. సున్నా కన్నా తక్కువైనా, వంద కన్నా ఎక్కువైనా మళ్లీ అడిగే ఒక చిన్న ఇఫ్ చాలు.

ఇంకో చిక్కు కామాతో. ఇన్‌పుట్ దృష్టిలో కామా అంటే ‘ఇక్కడితో ఒక విలువ అయిపోయింది’ అని. జీతం అడిగితే మనవాళ్లు అలవాటుగా 1,50,000 అని కొడతారు. బేసిక్‌కు అది ఒక విలువ కాదు, మూడు. మళ్లీ ‘రీడూ ఫ్రమ్ స్టార్ట్’. అడ్రస్ అయితే మరీనూ. ఇంటి నంబరు, వీధి, ఊరు... అన్నీ కామాలే. అలాంటి చోట లైన్ మొత్తాన్ని ఒకే ముక్కగా తీసుకునే ‘లైన్ ఇన్‌పుట్’ వాడాలి.

ఫోన్ నంబర్ సంగతి చూడండి. దాన్ని మామూలు అంకెల వేరియబుల్‌లో పెడితే జీడబ్ల్యూ బేసిక్ ఏడు అంకెల దాకానే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. పది అంకెల నంబర్‌లో చివరివి గల్లంతు. రోల్ నంబర్ 007 ఇస్తే 7 అయిపోతుంది. అందుకే ఒక సూత్రం పెట్టుకోండి: కూడికలు, తీసివేతలు చేయని అంకెల్ని స్ట్రింగ్‌గానే తీసుకోవాలి. ఫోన్ నంబర్లను ఎవరూ కూడరు కదా!

ప్రోగ్రామ్‌లోనే ఉంటే...

ఐదుగురి మార్కుల సగటు కనుక్కునే ప్రోగ్రామ్ రాస్తున్నారు. రన్ చేసిన ప్రతిసారీ ఐదు విలువలు టైప్ చేస్తుంటే విసుగొస్తుంది. విసుగొస్తే పరీక్షించడం మానేస్తాం. అందుకే రీడ్, డేటా. విలువలు ఒకసారి రాసిపెడితే ఎన్నిసార్లయినా నడపొచ్చు. మళ్లీ మొదటి విలువ నుంచి చదవాలంటే ‘రిస్టోర్’.

ఇక్కడ ప్రాణమంతా వరసలోనే ఉంది. రీడ్‌లో వయసు, తర్వాత మార్కులు అని రాసి, డేటాలో ముందు మార్కులు పెడితే ఎర్రర్ రాదు. రెండూ అంకెలే కాబట్టి హాయిగా నడుస్తుంది, తప్పు జవాబు ఇస్తుంది. ఏ విత్తు వేస్తే ఆ చెట్టే మొలుస్తుంది. విలువలు చాలకపోతే మాత్రం ‘ఔట్ ఆఫ్ డేటా’ అని ఆగిపోతుంది. దాన్ని తప్పించడానికి చివర్లో -1 లాంటి, మార్కుల్లో రాని విలువ పెట్టి, అది కనిపించగానే లూప్ ఆపే పద్ధతి ఉంది.

ఫైల్‌లో ఉంటే...

ఫైల్‌లో ఎన్ని లైన్లున్నాయో ముందే తెలియదు. అందుకే చదివాక కాదు, చదవబోయే ముందే ‘ఇంకా ఉందా?’ అని చూడాలి. బేసిక్‌లో ఈవోఎఫ్ చేసే పని అదే. అది మరిచిపోతే ‘ఇన్‌పుట్ పాస్ట్ ఎండ్’ ఎర్రర్ వస్తుంది. భాష మారితే ఈ పద్ధతి మారొచ్చు.

ఉద్యోగానికి దీంతో పనేంటి?

చాలా కోడింగ్ టెస్టుల్లో మీ ప్రోగ్రామ్‌కు డేటా ఇచ్చేది మనిషి కాదు, యంత్రం. ల్యాబ్‌లో అలవాటైన ‘ఎంటర్ ద నంబర్’ అనే ప్రాంప్ట్‌ను అక్కడ ప్రింట్ చేస్తే అది కూడా మీ జవాబులో భాగమైపోతుంది. అసలు జవాబుతో సరిపోలక ఫెయిల్! మనిషికి మర్యాదగా అడగాలి, యంత్రాన్ని అసలు అడగకూడదు. ఇచ్చేదెవరో తెలిస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

పైథాన్‌లో ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. 5, 7 తీసుకుని, ఇంట్‌గా మార్చకుండా కూడితే 57 వస్తుంది. జావాలో స్కానర్‌తో అంకె చదివిన వెంటనే నెక్స్ట్‌లైన్ పిలిస్తే చాలాసార్లు ఖాళీ లైన్ చేతికొస్తుంది. సీలో స్కాన్ఎఫ్‌తో అంకె తర్వాత అక్షరం చదివితే మీరు నొక్కిన ఎంటరే వచ్చి కూర్చుంటుంది. ఇవేవీ లాజిక్ తప్పులు కావు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లని బీకాం, ఎంబీఏ విద్యార్థులకూ ఇది అవసరమే. ఎక్సెల్‌లోని వీబీఏ బేసిక్ కుటుంబానిదే. దాని ఇన్‌పుట్‌బాక్స్‌లో ఎవరైనా 1,50,000 అని కొట్టారనుకోండి. దాన్ని ‘వాల్’ ఫంక్షన్‌తో అంకెగా మారిస్తే కామా దగ్గర ఆగిపోయి 1 ఇస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. లక్షన్నర కాస్తా ఒక్క రూపాయి! ఇలాంటి తప్పు జీతాల షీట్‌లో దొర్లితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మ్యాక్రో రాసినవాళ్లే.

‘పైథాన్‌లోనే ఇవన్నీ నేర్చుకోవచ్చుగా’ అనొచ్చు. నేర్చుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే అక్కడ లైబ్రరీలు, రెడీమేడ్ కోడ్ చాలా పనిని కళ్లకు కనపడకుండా చేసేస్తాయి. బేసిక్‌లో దాచడానికేమీ లేదు. పది లైన్లలో తప్పు చేస్తే పది లైన్లలోనే దొరుకుతుంది.

వారం రోజుల పని

జీడబ్ల్యూ బేసిక్ లాగే పనిచేసే పీసీ-బేసిక్ ఉచితంగా దొరుకుతుంది. మార్కుల సగటు కనుక్కునే ఒకే ఒక్క ప్రోగ్రామ్ తీసుకోండి. మొదటి రెండు రోజులు ఇన్‌పుట్‌తో, తర్వాత రెండు రోజులు రీడ్, డేటాతో, ఆపై రెండు రోజులు ఫైల్‌తో రాయండి. ఏడో రోజు కీబోర్డ్ మీ ఫ్రెండ్ చేతికిచ్చి ‘దీన్ని ఎలాగైనా చెడగొట్టు’ అనండి. ఖాళీగా ఎంటర్ కొట్టనివ్వండి, కామాలు, మైనస్‌లు, పేర్లు ఏవైనా ఇవ్వనివ్వండి. వాళ్లు చెడగొట్టిన ప్రతి చోటా ఒక తనిఖీ రాయండి. ఆ తర్వాత అదే ప్రోగ్రామ్‌ను మీ ఇంటర్వ్యూ భాషలోకి మార్చుకోండి.

‘మీ ప్రోగ్రామ్‌కు తప్పు డేటా ఇస్తే ఏమవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నీళ్లు నమలాల్సిన పని ఉండదు. ఏమవుతుందో మీరు అప్పటికే చూసి ఉంటారు.